దుబాయ్ నుంచి నాలుగు గంటలు

దయ్యాలంటే నాకు నవ్వు. నల్గొండ దగ్గరి మా ఊళ్లో ఎవరికో గాలి సోకిందని వేపమండలతో కొడుతుంటే, జ్వరం మాత్ర వెయ్యండి అని చెప్పి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. వెనక గల్లీలో ఒక గదిలో కిరాయికి ఉంటాను. పిల్లల్లేరు. మా ఆయన తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి వస్తాడు.

గదిలో రెండు గడియారాలు పెట్టుకున్నాను. ఒకటి మనది. ఇంకొకటి గంటన్నర వెనక, ఆయనది. దాంట్లో ఆయన అన్నం తినే వేళ అయితేనే నేనూ తినేదాన్ని.

ఈసారి వస్తే ఇక పంపకూడదని నా పంతం. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం తియ్" అనేవాడు.

టికెట్ ఫోన్‌కు పంపాడు. నలభై దాటాక హాస్టల్ వార్డెనమ్మ దగ్గర చదువు నేర్చుకున్నాను కాబట్టి ఎవరినీ అడగకుండా నేనే చూసుకున్నాను. అక్కడ పదింటికి ఎక్కుతాడు, ఇక్కడ మూడున్నరకు దిగుతాడు. దిగే టైము మన టైమే వేస్తారని నాకు తెలియదు. నాకు అలవాటైన లెక్క ఒకటే, గంటన్నర తీసెయ్యడం. తీసేస్తే రెండు.

ఆ రోజు రెండు ముప్పావుకు గుమ్మంలో నిలబడ్డాడు. దిగిన ముప్పావు గంటకు ఇంటికి. సరిపోయింది కదా, అందుకే నాకు అనుమానం రాలేదు. నీలం గళ్ల చొక్కా. బాగా చిక్కిపోయాడు.

"సామానేది?" అన్నాను.

"ఎనక ఒస్తది. జర నీళ్లియ్యే."

చెంబెత్తి గటగటా తాగాడు. చెంబు నా చేతికిస్తూ, నేను అడగకముందే అన్నాడు.

"ఇగ పోనే."

తొమ్మిదేళ్లుగా వినాలనుకున్న మాట. అన్నం పెడదామని కంచం కడుక్కుని వచ్చేసరికి గుమ్మంలో లేడు. వార్డెనమ్మను పలకరించడానికి వెళ్లాడేమోనని హాస్టల్‌కు పరుగెత్తాను.

వార్డెనమ్మది భీమవరం. మా ఆయన ఇటొచ్చాడా అని అడిగితే, ఫోన్లో విమానం ఎక్కడుందో చూసి నవ్వింది. "ఏంటే పెళ్లికూతురా నీ తొందర! ఇంకా గాల్లోనే ఉంది. దుబాయ్ నుంచి నాలుగు గంటలు పడుతుంది. దిగడానికి ఇంకా అరగంటుంది."

గదికి వచ్చి చూస్తే చెంబు ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర నేల మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు.

ఐదు దాటాక మా ఆయన ఎల్బీనగర్‌లో బస్సు దిగి ఆటోలో వచ్చాడు. రెండు పెట్టెలు. నీలం గళ్ల చొక్కా. దాన్ని ముందురోజే అక్కడ కొన్నాడట. నేను ఫోటోలో కూడా చూడలేదు.

భోజనం దగ్గర అడిగాను. "ఇగ పోనన్నవ్ గదా?"

"ఎవ్వలతోని అన్న? ఎండ తాకిందా ఏంది నీకు?" అని నవ్వాడు. నెల తిరగకముందే వెళ్లిపోయాడు.

తర్వాత అంతా చెబితే, ఎదురుచూసి ఎదురుచూసి కలగన్నావంటుంది వార్డెనమ్మ. కావచ్చు. కానీ ఎన్నడూ చూడని చొక్కా కలలోకి ఎట్లా వచ్చింది?

మాట తప్పావని దెబ్బలాడదామంటే, ఆయన నాకు ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు.