గోడ నీలంతో చేసిన ఇంకు

మా చిన్నప్పుడు... భోపాలపట్నంలో దీపావళి ముందు గోడలకు పూసే నీలం పొడిని నేను పెన్నులో పోశాను.

అప్పుడు ఎనిమిదో తరగతి. సంస్థానం విలీనమయ్యాక జమీందారు కచేరీలో ఒక పక్క గదులు సర్కారు బడి అయ్యాయి. ఊరు హిందీ రాష్ట్రంలో పడింది కాబట్టి చదువు హిందీలో, తిట్లు హిందీలో... మా కొట్లాటలు మాత్రం తెలుగులో. ఇంకు బిళ్లలు నీళ్లలో కరిగించి పెన్నులో పోసుకునేవాళ్లం. రాస్తే పాలిపోయిన గీత పడేది.

మా కొట్టులో సున్నంలో కలిపే నీలం ఉండేది. దొర్ల తెగవాళ్లు అడవి నుంచి తెచ్చి ఉప్పుకు మార్చుకుపోయే బంక కూడా ఉండేది. బంకతో అతకనిది లేదని మా ఇంట్లో నమ్మకం. పొడిని గుడ్డలో జల్లించి, బంక నీళ్లతో నూరి, పెన్నులో నింపాను.

ఆ రంగు... పండుగనాటి గోడ కాగితం మీదికి వచ్చినట్టుంది.

ఎదురు కొట్టు మా మేనమామది. నాయన, మామ కలిసి చేసిన బంక వ్యాపారం చెడింది. మాటలు లేవు. మా అమ్మ తన అన్నను తలుపు సందులోంచి చూసుకునేది. మామ కూతురు సరోజ నా తరగతే. "ఆ పిల్లకంటే ఒక్క మార్కు తక్కువొచ్చినా ఈ గడప తొక్కకు" అనేవాడు నాయన. ప్రతిసారీ తక్కువే వచ్చేది.

సరోజ నా నోటుబుక్కు చూసింది.

"ఏంది బావా, మీ ఇంటి గోడ గీకి పోసినవా?"

"నీకెందుకే?"

"మంచిగుంది. నాకింత ఇయ్యి."

"మీ కొట్టుల లేదా నీలం?"

"నీలం ఉంది. నీ అసొంటి తిక్క లేదు."

ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున నా పెన్ను రాయలేదు. నీలం బురదలా అడుగున పేరుకుంది. బంక ఎండి పాళీ కింది సన్నటి కాలువ మూసుకుపోయింది. రెండు రోజులు వేడినీళ్లలో నానబెడితే సగం బాగైంది. నాయన తిట్టి కొత్తది కొన్నాడు. దాన్ని బడిలో అందరికీ చూపించాను... సరోజకు రెండుసార్లు.

లెక్కల పరీక్షకు ముందురోజు సాయంత్రం, మిగిలిన ఇంకు సీసా తీసుకెళ్లి సరోజ చేతిలో పెట్టాను.

"ఇయ్యాల పొద్దు ఎటు పొడిచింది?" అంది.

"వద్దంటే తే."

"వద్దని ఎవరన్నరు?"

ఆ పరీక్ష ఆమెకు ఏమిటో నాకు తెలుసు. "పాసైతే జగ్దల్‌పూర్ హాస్టల్. లేకుంటే ఇంట్లనే" అని మామ అందరి ముందూ చెప్పాడు. టీచరమ్మను మా దగ్గర బెహన్‌జీ అనేవాళ్లు. "బెహన్‌జీనైత, నీ పిల్లలను నేనే బెంచీ ఎక్కిస్త" అని సరోజ నన్ను ఏడిపించేది.

ఒక రాత్రి గడిస్తే ఆ ఇంకు ఏం చేస్తుందో కూడా నాకు తెలుసు.

పరీక్షలో ఆమె నా ముందు వరుస. ఒక పేజీ రాసింది. తర్వాత పెన్ను విదిలించింది. పాళీని జడకు తుడిచింది. మళ్లీ విదిలించింది. పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చిన మాస్టారు అది చూసి, గదినంతటినీ అడిగాడు.

"కిసీకే పాస్ దూసరా పెన్ హై?"

ఎవరి దగ్గరైనా ఇంకో పెన్ను ఉందా అని. అందరి దగ్గరా ఒక్కొక్కటే. సరోజ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తల దించుకుని లెక్క చేశాను. కొత్త పెన్ను చేతిలో ఉంది. పాతది లాగు జేబులో, మూత బయటికి కనబడుతూ.

మిగతాదంతా ఆమె పెన్సిల్‌తో రాసింది. పెన్సిల్ రాతకు మార్కులు వేయరు.

బయట మెట్ల మీద నన్ను ఆపింది.

"ఇంకు గడ్డకడ్తదని నీకు ఎర్కనా బావా?"

"లేదు."

"సరే. మరి లాగు జేబుల పెన్ను?"

నేను ఇంటికి నడిచాను.

ఆ ఏడాది మొదటిసారి నాకు ఆమెకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నాయన మామ కొట్టుకు ఎదురుగా నిలబడి మిఠాయి పంచాడు. లెక్కల్లో తప్పిన సరోజ చదువు అక్కడితో ఆగింది. నేను జగ్దల్‌పూర్ వెళ్లి కాలేజీ చదివాను.

పెద్దవాళ్ల పగ ఒక పెళ్లితో చల్లారింది. ఆ పెళ్లి మాదే... సరోజదీ, నాదీ.

మా ఇద్దరు పిల్లలకు లెక్కలు ఆమే చెప్పింది. ఎనిమిదో తరగతి వరకు. ఆ పైన పుస్తకం మూసి, "మీ నాయననడగండి" అనేది.

నలభై ఏళ్ల కాపురం. పెన్ను మాట ఆమె మళ్లీ ఎత్తలేదు... కోపంలో కూడా. ఎత్తితే ఒప్పుకుందామని నేను ఎదురుచూశాను. నేనే ఎత్తవచ్చని తోచక కాదు.

పోయిన వానాకాలంలో ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను చేసినట్టే రంగు పొడి కలిపిన పిగ్మెంట్ ఇంకులు, రంగురంగులవి, సీసాల్లో వస్తున్నాయి. పెన్ను తరచూ కడగమని వాటి మీదే రాసి ఉంటుంది. ఈ పెన్నుల గ్రూపులో మీరు పెడుతున్న ఫొటోలు చూస్తున్నాను. రంగులు బాగున్నాయి. వాటి కింద "చిన్నతనమంటే అమాయకత్వం" అని రాసేవాళ్లతోనే నాకు పేచీ. పదమూడేళ్లకు నాకు అన్నీ తెలుసు.

ఇప్పటి పిల్లల సంచుల్లో పదేసి పెన్నులు. ఒకరినొకరు అడగాల్సిన పనే లేదు... కాబట్టి లేదనాల్సిన పనీ లేదు. ఆ ఒక్క విషయంలో ఈ కాలమే నయం.

మీరూ రాయండి. చేతికి ఇంకు అంటిన ముచ్చట్లు కాదు, అవి చాలా చదివాను. చేసిన తప్పును, ఆ మనిషి బతికి ఉండగానే వాళ్లకు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే... ఎలా మొదలుపెట్టారో రాయండి.

నాకు నలభై ఏళ్లలో మొదటి మాట దొరకలేదు.