రెండు దారుల విమానం

మా నాయన, చిన్నాయన ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆదోనిలో దూది మిల్లు పంచుకున్ననాడు చిన్నాయన ఇనుప కడ్డీతో నాయన చెయ్యి విరగ్గొట్టాడు. నాయన ఊరుకుంటాడా? కట్టు విప్పిన మర్నాడే ఎమ్మిగనూరు బస్టాండులో తమ్ముడి తల పగలగొట్టాడు. అప్పట్నుంచి మా ఇంట్లో పెళ్లయినా చావయినా అన్నీ రెండేసి. భోజనాలకు రెండు పంక్తులు, రావడానికి రెండు గుమ్మాలు. మార్కెట్ యార్డుకు ఒకరు ఈ గేటున వస్తే ఇంకొకరు ఆ గేటున పోతారు. మధ్యలో నలిగిపోయింది మా అవ్వ.

ఆ అవ్వ ఢిల్లీలో మా అత్త ఇంట్లో మంచం పట్టింది. ఇక ఈ పూటో రేపో అని అత్త ఫోనులో ఏడ్చింది. పోయే ప్రాణానికి తులసి నీళ్లు ఎవరు ముందు పోస్తే వాడే అసలు కొడుకని మా వాళ్ల పట్టింపు. దాంతో ఇద్దరూ చెరో కారులో బెంగళూరుకు దౌడు తీశారు. దొరికింది మాత్రం ఒకే విమానం. నాయన వెంట నేనూ వెళ్లాను.

లోపలికి అడుగు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది విదేశాలకు తిరిగే పెద్ద విమానం. ఖాళీగా ఉన్న పూట దాన్ని ఢిల్లీకి ఒక ట్రిప్పు తిప్పుతారట. మామూలు విమానంలో నడవడానికి సన్నటి దారి ఒకటే ఉంటుంది. దీంట్లో రెండున్నాయి, నడుమ సీట్ల వరుసలు. మా సంసారం చూసే కట్టించినట్టున్నారు అనుకున్నాను. ఎయిర్ హోస్టెస్‌ను బతిమాలి చిన్నాయనను అవతలి దారి పక్కకు మార్పించాను. ఢిల్లీ దాకా ఇద్దరూ కిక్కురుమనలేదు.

దిగేటప్పుడు మాత్రం తలుపు ఒకటే తెరిచారు. విమానం ఆగీ ఆగకముందే ఇద్దరూ లేచి, జనాన్ని తోసుకుంటూ చెరో దారిన పరుగెత్తారు. తలుపు దగ్గర ఎదురుపడ్డారు.

"తప్పుకో లేయ్! పెద్దోన్ని నేను" అని నాయన అరిచాడు.

"పెద్దోనివా? అమ్మకు ఏనాడన్నా ముద్ద పెట్టినావా?" అంటూ చిన్నాయన మోచేత్తో పొడిచాడు. నాయన ముక్కు చిట్లింది. ఆయన తమ్ముడి కాలరు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. అవ్వకు నీళ్లు పోయడానికి తెచ్చిన రాగి చెంబుతోనే చిన్నాయన అన్న నుదుటి మీద మోదాడు. పిల్లలు కెవ్వుమన్నారు. విడదీయబోయిన నాకు కడుపులో తన్ను పడింది. ఎవరిదో తెలీదు, ఇద్దరినీ చంపేయాలన్నంత కోపం వచ్చింది.

సెక్యూరిటీ వాళ్లు వచ్చి ఇద్దరి రెక్కలూ విరిచి పట్టుకున్నారు. "మా అమ్మ సచ్చిపోతాంది సార్, ఇడ్సండి" అని ఇద్దరూ ఒకే మాటగా ఏడ్చారు. ఎవరూ వినలేదు. పోలీసుల దగ్గరికి తీసుకుపోయారు.

నేనొక్కదాన్నే అత్త ఇంటికి చేరాను. అవ్వ చూపు తలుపు మీదే ఉంది.

"ఇద్దరూ వచ్చినారా పాపా?"

"వచ్చినారవ్వా. ఒకే విమానంలో వచ్చినారు."

"ఒకే దాంట్లోనా? కొట్టుకోలేదు కదా?"

"లేదవ్వా" అన్నాను. అవ్వ మొహం విచ్చుకుంది. నీళ్లు నేనే పోశాను. కాసేపటికి పోయింది.

సాయంత్రం నాయనను వదిలారు. నుదుటికి కట్టుతో వచ్చి, నేల మీద పడుకోబెట్టిన అవ్వను చూశాడు. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"వాడు నాకంటే ముందొచ్చినాడా?" అని అడిగాడు.