ఇద్రీస్ కొట్టులో మన స్టీలు గ్లాసులు

ఖతార్‌లోని అల్ వక్రాలో సూడాన్ మనిషి ఇద్రీస్ కాఫీ కొట్టును మూయించింది మన నాన్నలే. నిన్న మా క్యాంప్ ఎదుట సూడాన్ వాళ్ళు కొత్తగా తెరిచిన కొట్టు నుంచి శొంఠి కాఫీ వాసన రాగానే తొంభైల్లోని ఆ సాయంత్రాలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. విల్లాల వెనక గదుల్లో నాతో పెరిగిన మీకూ గుర్తుందా, ఆ విల్లాల్లో డ్రైవర్లైన మన నాన్నలంతా ఇద్రీస్ కొట్టుకు ఇంటి నుంచి స్టీలు గ్లాసులు పట్టుకెళ్ళేవాళ్ళు?

"మేరా గ్లాస్ సాఫ్ హై, భాయ్," అంటూ, తన గ్లాసు శుభ్రమేనని ఇద్రీస్ కడిగిన గ్లాసును వెలుతురుకెత్తి చూపించేవాడు.

"ఆ నల్లటోని గ్లాసులో మనమెట్ల తాగేదప్పా!" అని మనవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకరోజు నేను అడిగేశాను. "నాయనా, మనూరి హోటల్లో మనకు గ్లాసు వేరే పెడతాండ్రని నువ్వే ఏడిస్తివి గదా?"

"నోర్ముయ్‌రా," అన్నాడు నాన్న.

కొన్నాళ్ళకు గ్లాసు మోయడం కూడా బరువై అందరూ పక్కనున్న మన దేశం వాళ్ళ కొట్టుకు మారారు. ఇద్రీస్ కొట్టు మూతపడింది. అతను ఎటు పోయాడో తెలియదు. క్షమాపణ చెప్పుకుందామన్నా మనిషే లేడు.

ఈ కొత్త కొట్టూ ఖాళీగానే ఉంది. నేనొక్కణ్ణి ఎన్ని కాఫీలు తాగితే అది నిలబడుతుంది? వాళ్ళ గ్లాసులోనే తాగడానికి నాతో ఎవరెవరు వస్తారో గురువారం డ్యూటీ దిగేలోపు ఈ గ్రూపులోనే రాయండి. రానివాళ్ళు ఎందుకు రారో కూడా రాయాలి.