పెద్దమ్మ పుస్తకంలో పడ్డ ప్రెసిడెంటు

"ఆగు, ఆగు. లోపలికి వస్తూ ఏదో చప్పుడు చేశావు. దగ్గావా, గొంతు సవరించుకున్నావా?"

"ఏదైతే ఏం పెద్దమ్మా?"

"రెంటికీ వేరే గుర్తులున్నాయమ్మాయ్. దగ్గితే జలుబు చేసిందని. గొంతు సవరించుకుంటే ఏదో అడగడానికొచ్చావని."

"అడగడానికే వచ్చాను. కాస్త పంచదార ఉంటే..."

"కాస్తంటే ఎంత? పోనీ, 'కాస్త' అనే రాశాను. కూర్చో."

మా ఎదురింటి పెద్దమ్మతో మాట్లాడటమంటే ఇదీ. చెవిన పడ్డ ప్రతి మాటా రాసేస్తుంది. మాకు రక్తసంబంధం ఏమీ లేదు, గుమ్మాలు ఎదురెదురు కావడమే చుట్టరికం. ముప్ఫై ఒక్క ఏళ్ళు కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది గానీ, ఆ సంగతి ఆవిడ కుడిచేతికి ఎవరూ చెప్పలేదు. కూరలు తరుగుతూ కూడా మధ్యలో కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, నాలుగు గీతలు గీసి, మళ్ళీ కత్తి అందుకుంటుంది.

మా బిల్డింగుకి వచ్చే ప్లంబరు ఒకసారి ఆవిడ పుస్తకంలో పడ్డాడు. వారం తిప్పించుకుని ఎట్టకేలకు వస్తే, పనిలోకి దిగనివ్వకుండా ముందు నిలబెట్టి చదివింది. "సోమవారం, 'రేపొస్తానమ్మా'. మంగళవారం, ఫోనులో, 'దార్లో ఉన్నానమ్మా', వెనక టీవీ చప్పుడు. బుధవారం, 'మా మావగారు పోయారమ్మా'. శుక్రవారం, 'మావగారితో షాపింగుకొచ్చానమ్మా'." ప్లంబరు మారుమాట్లాడకుండా కొళాయి బాగుచేసి వెళ్ళాడు. ఇప్పటికీ ఆవిడ ముందు సైగలే తప్ప నోరు విప్పడు.

పెదనాన్నగారిది ఇంకా జాలిగాథ. పెళ్ళయిన కొత్తలో "నీ వంట మా అమ్మ వంటలా లేదు" అన్నారట. అది రెండో పుస్తకం, నలభయ్యో పేజీ. ఆ పేజీ ఎన్నిసార్లు విన్నారో, ఆయన మాటలు మానేసి కనుబొమ్మలతోనే కాపురం నెట్టుకొస్తున్నారు. దాని వల్ల ఒరిగిందేమీ లేదు. "ఎడమ కనుబొమ్మ ఎత్తారు, పావుగంట దించలేదు" అని అదీ ఎక్కింది.

"ఇన్ని పుస్తకాలు రాసి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"మాటని గాలికొదిలేస్తే ఎవరికి కావలసినట్టు వాళ్ళు దానికి రంగులేస్తారు. కాగితం మీద కూర్చోబెడితే బుద్ధిగా ఉంటుంది."

బుద్ధిగా ఉంటుందేమో గానీ ఎవరికీ అర్థం కాదు. ఆవిడ షార్ట్‌హ్యాండు చూస్తే చీమ సిరాలో పడి లేచి, ఒళ్ళు ఆరబెట్టుకుంటూ నడిచినట్టుంటుంది. పక్కన కూర్చుని రోజూ చూసి చూసి నాకు మాత్రం నాలుగు గీతల్లో మూడు పట్టుబడ్డాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే పుస్తకం మోకాలి మీద నుంచి అటు తిప్పేస్తుందని.

ఇప్పుడు మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి గురించి చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు. ఆయనకి పోటీ ఎవరూ లేరు, ఎందుకంటే ఆ పనంటే ఎవరికీ ఆసక్తి లేదు. ఏదో పెద్ద ఆఫీసులో నలభై మంది మీద అధికారిగా చేసి రిటైరై, పై అంతస్తులో ఒక్కరే ఉంటారు. పెళ్ళికి తీరిక దొరకలేదట. నోటీసులంటే ప్రాణం. "మెట్ల మీద పరుగెత్తరాదు." "లిఫ్టులో ఈల వేయరాదు." "నోటీసు బోర్డు ఎదుట గుమిగూడి నోటీసులు చదవరాదు." ప్రతి నోటీసు కిందా సంతకం. ఆ సంతకం నోటీసు కంటే రెండు వేళ్ళు పెద్దది.

ఒక ఉదయం బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. "గత నెల సర్వసభ్య సమావేశంలో సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించిన మేరకు, మెట్ల కింద నున్న కుట్టుమిషన్ పదిహేనో తేదీలోగా తొలగించవలెను. ఆ స్థలమున అధ్యక్షుల కార్యాలయము ఏర్పాటగును."

మెట్ల కింద కుట్టుమిషన్ అక్క పదకొండేళ్ళుగా ఉంటోంది. మా బిల్డింగులో ఆవిడ చెయ్యి పడని బట్ట లేదు. పిల్లలు ఎదిగితే అంచులు విప్పేదీ, మేం లావైతే పక్కలు వదులు చేసి, "మిషన్‌లో ఉతికితే బట్ట కుంచించుకుపోతుందమ్మా" అని మా పరువు కాపాడేదీ ఆవిడే.

నోటీసు చదివి అక్క దారపు రీళ్ళన్నీ డబ్బాలో సర్దేసింది. "అందరూ అనుకున్నాక నేనేం అంటానమ్మా. ఇంట్లో మిషన్ పెడితే మంచం బయట వెయ్యాలి, అంతే. పోనీ, దూరంగా ఎక్కడైనా అంటే గిరాకీ మళ్ళీ మొదటి నుంచి."

నేనెప్పుడు ఒప్పుకున్నానో నాకు గుర్తులేదు. కింది డెంటిస్టు గారిని అడిగితే, "నేను లేచి వచ్చేశాక అనుకున్నారేమో" అన్నారు. ఆయన పక్కింటావిడ, "నేను కునుకు తీస్తున్నప్పుడు అయ్యుంటుంది" అంది. ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ తక్కిన ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారనే అనుకుంటున్నారు. అసోసియేషన్ మినిట్స్ పుస్తకం ప్రెసిడెంటు గారి బీరువాలో ఉంటుంది. రాసేదీ ఆయనే, దాచేదీ ఆయనే.

పెద్దమ్మ మాత్రం తన పుస్తకం తీసింది. గీతల మీద వేలు పెట్టి అటూ ఇటూ పోయి, మూసింది.

"అమ్మాయ్, పది ఇళ్ళవాళ్ళు సంతకం పెడితే ప్రెసిడెంటు మీటింగు పెట్టి తీరాలి. పద."

మొదటి గుమ్మం డెంటిస్టు గారిది. "ఎందుకండీ గొడవ," అని ఆయన నసిగారు. పెద్దమ్మ పుస్తకం తెరిచింది. "గత మీటింగులో మీరన్నవి మూడే. 'ఫ్యాను వేయండి'. 'ఎంతసేపండీ'. మూడోది మీ పక్కింటావిడ గురించి. చదవనా?" ఆయన చదవనివ్వకుండా సంతకం పెట్టారు. పక్కింటావిడ మేం అడక్కముందే పెట్టింది. గంటలో పద్నాలుగు సంతకాలు.

ఆదివారం పొద్దున్నే హాలు నిండింది. అక్క గుమ్మం దగ్గరే, మెళ్ళో టేపు వేసుకుని నిలబడింది. ప్రెసిడెంటు గారు మినిట్స్ పుస్తకం తెరిచి తన తీర్మానం తనే గంభీరంగా చదువుకున్నారు. తర్వాత పెద్దమ్మ లేచింది. గత నెల మీటింగు మొత్తం, తుమ్ములతో సహా చదివింది. లిఫ్టు మీద యాభై నిమిషాలు. నీళ్ళ ట్యాంకు మీద అరగంట. కుట్టుమిషన్ మాట ఒక్కచోటే వచ్చింది. "'అధ్యక్షులు: ఆ మిషన్ కాసేపు ఆపమనండి, నా మాట నాకే వినపడట్లేదు.' అంతే. తీర్మానం అనే ముక్కే లేదు."

హాల్లో గుసగుసలు లేచాయి. ప్రెసిడెంటు గారు బల్ల చరిచారు. "ఇవా సాక్ష్యం? ఈ కోడి గీతలా? మీరే గీసి మీరే చదివితే మేం నమ్మాలా?"

"ఈ గీతలు చూసే ముప్ఫై ఒక్క ఏళ్ళు జడ్జీలు మనుషుల్ని లోపలికి పంపారండీ, బయటికి వదిలారండీ."

"అయితే పందెం. మూడు నిమిషాలు నేను మాట్లాడతాను, మీరు రాయండి. తిరిగి చదివినప్పుడు ఒక్క మాట పోయినా నా తీర్మానం నిలిచినట్టే."

పెద్దమ్మ గుమ్మం వైపు తిరిగింది. "నీ చోటు మీద పందెమమ్మా. నువ్వేమంటావు?"

"పెద్దమ్మగారి చెయ్యి నాకు తెలుసండీ. కానివ్వండి," అంది అక్క.

డెంటిస్టు గారు గడియారం పట్టుకున్నారు. ప్రెసిడెంటు గారు ఊపిరి పీల్చి మొదలుపెట్టారు. అది మాట్లాడటం కాదు, బస్తా విప్పి శనగలు బోర్లించడం. అక్క మిషన్ కూడా అంత వేగంగా ఏనాడూ తిరగలేదు. మాలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిణ్ణి ఓడించే తొందరలో, తన నోరు ఏమంటోందో ఆయనకే తెలిసినట్టు లేదు. పెద్దమ్మ తలెత్తలేదు. పెన్సిలు పోతూనే ఉంది. చివరికి ఆయన కుర్చీలో కూలబడ్డారు.

పెద్దమ్మ నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

"'చట్టం నియమం నిబంధన ఉపనిబంధన, ప్రెసిడెంటంటే ఏమనుకున్నారు, తొమ్మిదేళ్ళలో ఫ్యాను కోసం కొట్టుకోవడం తప్ప మీరు చేసిందేంటి, గది కావాలని అడిగితే ఒప్పుకోరని నాకు తెలుసు, తెలుసు కాబట్టే అడగలేదు, ఇంటికెళ్ళి నేనే రాసుకున్నాను, రాసుకుంటే తప్పేంటి...'"

ప్రెసిడెంటు గారి మొహం పాలిపోయింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత పేజీ తిప్పింది.

"'...కాబట్టి నేను చెప్పేదేంటంటే, నాకు ఊపిరాడట్లేదు, మంచినీళ్ళు.' అంతే."

పక్కనే కూర్చున్న నేను ఆ గీతలు చూశాను. తిప్పేసిన పేజీలో కింద ఇంకా ఆరు లైన్లున్నాయి. నిండుగా.

డెంటిస్టు గారు అడిగారు. "ప్రెసిడెంటు గారూ, ఏమైనా పోయిందా?"

ఆయన పెద్దమ్మ చేతిలో పుస్తకం చూశారు. పెద్దమ్మని చూశారు. కళ్ళజోడు తీసి తుడిచారు, అది శుభ్రంగానే ఉన్నా. పోయిందని ఒక్క మాటంటే గది ఆయనదే.

"పోలేదు," అన్నారు. "ఒక్క మాటా పోలేదు."

తీర్మానం తనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. అంత చిన్న సంతకం ఆయన చేత్తో మేమెప్పుడూ చూడలేదు. మినిట్స్ పుస్తకం పెద్దమ్మ ముందుకి జరిపి, పదవికి రాజీనామా చేసి మెట్లెక్కి వెళ్ళిపోయారు. అక్క వెంటనే డబ్బా విప్పింది. దారపు రీళ్ళు మళ్ళీ వరసగా నిలబడ్డాయి.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను. "ఆరు లైన్లు వదిలేశావు పెద్దమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓహో, గీతలొచ్చా నీకు. ఎప్పట్నించి?" అని, అది రాసుకుని, "వదల్లేదు. రాశాను. చదవలేదంతే," అంది.

ఆ ఆరు లైన్లలో ఏముందో ఇప్పుడు ఆయనే నవ్వుతూ అందరికీ చెప్పుకుంటున్నారు కాబట్టి నేనూ చెప్పవచ్చు. "రిటైరయ్యాక నా తలుపు తట్టినవాడు లేడు, సార్ అని పిలిచినవాడు లేడు, కింద ఒక గదంటూ ఉంటే పని మీదైనా ఎవరో ఒకరు వస్తారు కదా, పొద్దుట్నించి గోడలతో ఎంతసేపని మాట్లాడను."

"మరి ఆయన 'పోయింది' అనుంటే? అక్క గతి?"

"అప్పుడు చదివేదాన్ని. పుస్తకంలో ఉందిగా. ఆయన చేసిన తప్పు అందరికీ తెలియాలి, తెలిసింది. తక్కినది ఆయన సొంతం." పెదనాన్నగారి కనుబొమ్మలు రెండూ ఒకేసారి పైకి లేచాయి. ఆవిడ అది రాసుకోలేదు.

రెండు వారాలు ప్రెసిడెంటు గారు కిందికి దిగితే ఒట్టు. దిగినా, పొట్ట మీద ఫైలు అడ్డం పెట్టుకుని గోడవారగా పోయేవారు. ఫైల్లో కాగితాలేమీ లేవు. నాకు అర్థం కాలేదు గానీ అక్క పసిగట్టింది.

"ఆయన చొక్కాలకి గుండీలు ఊడాయంట అమ్మాయ్," అంది పెద్దమ్మ, ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి. "అక్క దగ్గరికి రావడానికి మొహం చెల్లట్లేదు. అక్కేమో, తెచ్చిపెడితే కుట్టేస్తానంటోంది. నువ్వు పైకెళ్ళి ఆయన చొక్కాలు పట్టుకురా."

"నేనా? ఏమని అడగను?"

"ఉన్న మాటే అడుగు. ఇంకో సంగతి, బెల్లు నొక్కకు. తలుపు తట్టు. గట్టిగా, ఆఫీసులో పని మీద వచ్చినవాళ్ళు తట్టినట్టు."