గుట్టెక్కిన టర్కీ కోడి

నిరుటి వానాకాలంలో పుత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో, పక్క సీటాయన చేతికి కట్టు చూసి ఏమైందని అడిగాను.

"అల్లుడికి కోసి పెడదామని టర్కీ కోడిని పట్టుకోబోతే గుట్టెక్కేసింది సార్. నాలుగు దినాలు ఎతికినా. రెక్కలు తడిస్తే ఎగరలేదని వానలో వల తీసుకొని పోయినా. బండమీద జారి చెయ్యి ఇరిగింది."

"మరి కోడి?"

"నన్ను ఎతుక్కుంటా మా ఇంటామె గొడుగేసుకొని వస్తే, దానంతటదే వచ్చి ఆ గొడుగు కింద నిలబడింది."

"అయితే అల్లుడికి విందే!"

"యాడ సార్! నమ్మి వచ్చినదాన్ని కోస్తావా అని మా ఇంటామె అరిసింది. అల్లుడికి గుడ్ల పులుసే. ఇంటిదాకా గొడుగు కోడికే పట్టింది. నేను తడుసుకుంటా ఎనకాల నడిసినా."

వాన కురిసే రోజుల్లో డైరీ రాస్తూ, ఆయన చెయ్యి అతుక్కుందో లేదో అనుకుంటాను. కోడి గురించి నాకు బెంగ లేదు.