తెరకు రాసిన కాఫీ అత్తరు

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నమ్మమని బతిమాలడం మా ఇంటి అలవాటు కాదు. మా ఇంట్లో ఒకే ఒక్క అబద్ధం ఉండేది. దాన్ని కూడా ఒప్పేసుకుంటున్నాను కాబట్టి, మిగిలినదంతా జరిగిందే అనుకోండి.

ఒకప్పుడు విశాఖ వన్‌టౌన్‌లో మా కాఫీ కొట్టు ఉండేది. అరకు గింజలు వేగుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా వెళ్లేది. నా చిన్నతనంలోనే అది మూతపడింది. ఎలా మూతపడిందో చెప్పను. ఆఖరి వాయి వేయించిన రోజున మా మేనత్త గుప్పెళ్లతో గింజలు మూట కట్టి, పక్క వీధిలో అత్తర్లు చేసే ఖాదర్ సాహెబుకిచ్చింది. ఆయన వాటిని గంధపు నూనెలో నలభై రోజులు నానబెట్టి, వడగట్టి, ఒక పెద్ద సీసాలో పోసిచ్చాడు. కాఫీ అత్తరు. అలాంటిది ఇంకెక్కడా లేదు.

అత్త బయటికి వెళ్లేటప్పుడు చెవి వెనక ఒక్క చుక్క రాసుకునేది. గంజి పెట్టిన నేతచీర. నిటారుగా నడుం. బస్సులో "కాస్త జరగండి" అంటే అడిగినట్టు ఉండేది కాదు, అనుమతిచ్చినట్టు ఉండేది. ఎవరింటికెళ్లినా కేకలు వేసేది కాదు. ఉంగరంతో ద్వారబంధం మీద రెండుసార్లు కొట్టేది. టక్... టక్. కుర్చీలో కూర్చుంటే వీపు ఆనించేది కాదు. జీవితంలో ఒక్కసారి కూడా ఆనించగా నేను చూడలేదు.

ఇక ఆ అబద్ధం... ఇంట్లో కాఫీ పొడి లేని రోజుల్లో ఎవరైనా వస్తే, అత్త ఆ అత్తరు ఒక చుక్క గుమ్మం తెరకు రాసేది. వచ్చినవాళ్లకు గడపలోనే కాఫీ వాసన గుప్పుమనేది. "అయ్యో, ఇప్పుడే తాగేశాం, మళ్లీ పెట్టనా?" అనేది. వాళ్లు మర్యాదకి "వద్దమ్మా, మేమూ తాగే వచ్చాం" అనేవారు. మా పరువు నిలిచేది. చుట్టాలు వెళ్లాక అత్తా నేనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నేను గాజువాకలో రెండు గదుల వాటాలోకి మారినప్పుడు, మిగిలిన అత్తరు చిన్న సీసాలో పోసి నాకిచ్చేసింది. "నాకింక చుట్టాలెవరు వస్తారురా, నువ్వుంచుకో" అంది.

పోయిన మే నెలలో... మిట్టమధ్యాహ్నం... గుమ్మం దగ్గర టక్... టక్. కబురు లేకుండా అత్త వచ్చింది. వన్‌టౌన్ నుంచి రెండు బస్సులు మారి. ఇంట్లో పొడి లేదు, పాలు లేవు. "ఉండత్తా, తెస్తాను" అంటే అయిపోయేది. నాకు నోరు రాలేదు. సీసాలో మిగిలిన ఆఖరి చుక్క తెరకు రాశాను. తెర తీసి, "రా అత్తా! అయ్యో, ఇప్పుడే తాగేశాం" అన్నాను.

ఎవరితో అన్నానో చూడండి.

అత్త ఒకసారి ఊపిరి పీల్చుకుంది. తెరను చూసింది. నన్ను చూసింది. "నేనూ తాగే వచ్చానురా" అంది. లోపలికి రమ్మంటే, "ఇక్కడే గాలి బాగుంది" అని వరండాలో పేము కుర్చీలో కూర్చుంది. వంటింట్లోని ఖాళీ డబ్బా తన కంట పడకూడదని. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

పదకొండు రోజులకి నిద్రలోనే పోయింది.

పెద్దకర్మ అయిన వారానికి ఇది జరిగింది. మా ఆవిడ ఆనందపురంలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లింది. రాత్రి తొమ్మిది దాటింది. పక్కవాటా అప్పలరాజు స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టుకి బయలుదేరుతూ గేటు దగ్గర ఆగాడు.

"ఏటి బావా, ఒక్కడివే కూకుని కాఫీ కాసేత్తన్నావా? వీధిలోకి గుప్పుమంతంది!"

"నేను కాఫీ పెట్టలేదు" అన్నాను.

"ఊరుకో బావా! పెద్దింటోళ్లు ఇలాగే సెప్తారు. నానేటి దిష్టెడతానా? ఒక సుక్క పోత్తే నీ సొమ్మేం పోద్ది?"

నవ్వుకుంటూ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఏ వాసనా తగల్లేదు. అప్పటికి.

పదకొండింటికి కరెంటు పోయింది. ఉక్కపోత. వీధి తలుపు తీసి, తెర వేసి, గదిలో మంచం మీద పడుకున్నాను. దూరంగా ప్లాంటులో నిప్పులా కాలే ఇనుప మడ్డి ఒంపుతున్నారు కాబోలు, ఆకాశం ఎర్రబడింది. ఆ ఎరుపు తెర మీద పడింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

అప్పుడు వచ్చింది...

మొదట గంధం. దాని వెనకే వేగిన గింజ. మా కొట్టు ముందు నిలబడినట్టు... ఏడేళ్లవాడినై నిలబడినట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం ఆ తరవాత వేసింది. సీసా ఎప్పుడో ఖాళీ అయింది. తెర రెండుసార్లు ఉతికాం.

టక్...

టక్.

నేను లేచి నిలబడ్డాను. తెర కింద జానెడు సందు ఉంది. ఆ ఎర్ర వెలుగులో వరండా గచ్చు కనిపిస్తోంది. కాళ్లు... లేవు.

నోరు దానంతటదే తెరుచుకుంది. ఏమని వచ్చిందో తెలుసా? "ఇప్పుడే తాగే..."

అక్కడ ఆగిపోయాను. వాసన చిక్కబడుతోంది. ఎవరో నా జవాబు కోసం నిలబడి ఉన్నారు. అది మాత్రం నాకు స్పష్టంగా తెలుసు.

"అత్తా... ఇంట్లో పొడి లేదు. ఆ రోజూ లేదు. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

వీధిలో కుక్క కూడా మొరగలేదు.

తరవాత... వరండాలో పేము కుర్చీ కిర్రుమంది. నెమ్మదిగా... పొడుగ్గా. ఆ కుర్చీ కూర్చుంటే చప్పుడు చెయ్యదు. వీపు వాల్చితేనే చేస్తుంది.

తెర తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. తెల్లారేదాకా అలాగే నిలబడ్డాను. తెల్లారి చూస్తే కుర్చీ ఖాళీ.

తెర విప్పి, మడిచి, మొదటి బస్సుకి ఖాదర్ సాహెబు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"నా చేతిదే బాబూ. రాసి ఒక పూట కూడా కాలేదు. ఎక్కడిది?"

"మీ దగ్గరేమైనా మిగిలిందా సాహెబూ?"

"ఆ గింజలెక్కడివి బాబూ... ఆ వాయితోనే సరి కదా!"

అంతే. ఇంతకు మించి నాకు తెలియదు. అది అత్తే అయితే వీపు వాల్చదు. అత్త కాకపోతే ఆ వాసన ఎవరిది? లేక... ఇన్నేళ్లకి, నేను నిజం చెప్పాక, కాస్త నడుం వాల్చిందా?

ఇప్పుడు అప్పలరాజు అప్పుడప్పుడూ వస్తాడు. పొడి ఉంటే పెడతాను. లేకపోతే, "అయిపోయింది బావా, కూర్చో, తెస్తాను" అంటాను. ఆ పేము కుర్చీ వైపు వెళితే మాత్రం వద్దని, లోపలి నుంచి వేరే కుర్చీ తెచ్చి వేస్తాను.

"ఆ కుర్సీకేటయింది బావా?" అంటాడు.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.