మా పడుగుకి చెయ్యేసిన మేడం

మా ఫిజిక్స్ మేడం పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే విజయవాడ నుంచి ఆవిడ తమ్ముడిగారి అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. తొంభైకి దగ్గరపడిన మనిషి అలా పోతే బాధపడకూడదంటారు. అనేవాళ్లకేం, అంటారు. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆవిడ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. పేపర్లో పడే మనిషి కాదు. డెబ్బైల్లో విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మాది బందరు దగ్గర నేతపనివాళ్ల ఊరు. నేను హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివేదాన్ని. గంజి పెట్టిన తెల్లచీర, నల్లంచు, మోచేతులదాకా సుద్దపొడి. మేడం అంటే ఇప్పటికీ నాకు అదే రూపం.

మా ల్యాబ్‌లో ఒక స్టాండు విరిగిపోయింది. కొత్తది అడిగితే ఇదిగో అదిగో అంటూ ఏడాది గడిపారు. ఆ స్టాండు నా వాటాకి వచ్చిన రోజున మేడం మోచెయ్యి బీరువాకి ఆనించి, లోలకం దారాన్ని తనే పట్టుకుని నిలబడ్డారు. ప్రాక్టికల్ అయ్యేదాకా చెయ్యి కదిలిస్తే ఒట్టు. "మీకు నెప్పెట్టదాండీ?" అంటే, "స్టాండుకి నెప్పేంటమ్మాయ్, నువ్వు లెక్క చూసుకో" అన్నారు. నేను లెక్క చూసుకోలేదు, ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

మూడో ఏడు నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టారు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే ఆడపిల్లలకి మెరిట్ స్కాలర్‌షిప్. చదువుకీ హాస్టల్‌కీ అన్నిటికీ వాళ్లే ఇస్తారు. అది వస్తే నాకు ఎమ్మెస్సీ, రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి. ఇంతే సంగతి. చదివాను, నిట్టూర్చాను, వచ్చేశాను. మర్నాడు మేడం వరండాలో ఆపారు.

"అప్లికేషన్ పెట్టావా?"

"లేదండీ. మాలాంటివాళ్లకి రాదేమోనండీ."

"ఇవ్వడం వాళ్ల పని, పెట్టడం నీ పని. వాళ్ల పని నువ్వెందుకు చేస్తావమ్మాయ్?"

ఆ ముక్కే తర్వాత నా దగ్గర చదువుకున్న ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు.

దరఖాస్తుకి ఫొటో కావాలి. సెలవులకి ఇంటికెళ్లి చెప్పాను. మా ఊళ్లో ఆడపిల్లకి ఫొటో అంటే ఒకటే అర్థం. అమ్మ పొద్దున్నే లేచి పూలజడ కుట్టింది. స్టూడియో ఆయన నా వెనక నిలువుటద్దం పెట్టి, జడ అందులో కనపడేలా పక్కకి తిప్పి నిలబెట్టి తీశాడు. మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. బోల్డంత గర్వంగా తీసుకెళ్లి మేడం చేతిలో పెట్టాను. ఆవిడ ఫొటోని దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు.

"ఇందులో ఇద్దరున్నారు. స్కాలర్‌షిప్ ఎవరికమ్మాయ్?"

కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, రిక్షా ఎక్కించి, వేరే ఫొటో తీయించారు. దరఖాస్తు వెళ్లింది. విజయవాడలోనే ఇంటర్వ్యూకి పిలుపూ వచ్చింది. కానీ ఆ పూలజడ ఫొటో రెండో కాపీ మా ఇంట్లో ఉండిపోయిందిగా, దాన్ని మా పెద్దమ్మ పట్టుకెళ్లి ఒక సంబంధం పట్టుకొచ్చింది. ఇంటర్వ్యూకేమో తండ్రి స్వయంగా వచ్చి, చదువు పూర్తయ్యేదాకా అమ్మాయిని మాన్పించబోనని సంతకం పెట్టాలట. ఇంటికెళ్లి అడిగాను. నాన్న చెడ్డవాడు కాదు. "మంచి సంబంధమే, మళ్లీ మళ్లీ వస్తాయా? చదివింది చాల్లే" అన్నాడు. నేను కాలేజీకి తిరిగొచ్చి మేడం ముందు ఏడ్చాను. ఆవిడ ఊరడించలేదు. మీ ఊరికి మొదటి బస్సు ఎన్నింటికి అని మాత్రం అడిగారు.

ఆదివారం ఆవిడతోపాటే బస్సెక్కాను. మేం దిగేసరికి మా వీధిలో పడుగు సాగదీసి ఉంది. చూడనివాళ్ల కోసం చెబుతాను. చీరకి నిలువుపోగులన్నీ కలిపి పడుగంటాం. దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. వీధంతా వచ్చి చెయ్యెయ్యాలి. మధ్యలో ఆపామా, పోగులు అంటుకుపోయి పడుగంతా పాడైపోతుంది. ఆ రోజు పడుగు మాదే. పైన మబ్బు పట్టింది. సాయానికి రావలసిన ఒకాయనకి జ్వరం. మధ్యలో పడుగు కుంగిపోతోంది.

"దయచేయండమ్మగారూ," అన్నాడు నాన్న, చేతిలో కుంచె ఆపకుండానే. "ఏమీ అనుకోకండి. పడుగు వీధిలో ఉందండీ, ఇప్పుడు కాదు."

మేడం మబ్బుకేసి చూశారు, కుంగిన చోటుకేసి చూశారు. చెప్పులు అరుగు కింద విడిచి, కొంగు నడుంలో దోపుకున్నారు. "ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి."

మగవాళ్లంతా నోరెళ్లబెట్టారు. అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఊరికే చెయ్యెయ్యకండమ్మగారూ. మా వీధిలో పడుగుకి చెయ్యేసినవాళ్లకి బదులు వెళ్లి తీరాలండీ, అది మా కట్టుబాటు. మీకా, పడుగులు లేవాయె. మేమెట్టా తీర్చుకోవాలి?"

మేడం అమ్మ మొహంలోకి ఒక్క క్షణం చూశారు. "నాకూ ఒకటుంది లెండి" అని, పడుగు కింద పెట్టే కర్ర అందుకున్నారు.

ఇక కదల్లేదు. గంజి ఆవిడ చీరమీద కారింది, మెడమీద చిమ్మింది. ఎండా మబ్బూ దోబూచులాడాయి. ఆవిడ మాత్రం ల్యాబ్‌లో దారం పట్టుకున్న మనిషే. కుంగిన పడుగు మళ్లీ ఎత్తుగా, బిగువుగా నిలబడింది. అంత చదువుకున్నావిడ మా వీధిలో ఉత్తకాళ్లతో నిలబడితే నాకు సిగ్గు వేయాలి నిజానికి. వేయలేదు.

వాన రాకముందే పడుగు ఆరింది. చుట్ట చుట్టేశాక నాన్న చేతులు కడుక్కుని వచ్చి, కాఫీ గ్లాసు తనే అందించాడు. "మీ మేలు మర్చిపోలేమండీ."

"బదులొస్తారుగా మరి?"

"ఎప్పుడు పిలిస్తే అప్పుడు. మా వీధిలో బదులు ఎగ్గొట్టిన ఇల్లు లేదండీ."

"అయితే గురువారం విజయవాడ రండి. నా పడుగు అదిగో." గుమ్మంలో ఉన్న నన్ను చూపించారు. "ఇన్నాళ్లూ నేను పట్టుకున్నాను. ఇప్పుడొక మనిషి తక్కువయ్యారు."

ఎదురింటి తాతయ్య పకపకా నవ్వి, "దొరికిపోయావురోయ్!" అన్నాడు. నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ అదే పనిగా గంజి బాన కడుగుతోంది.

"మరి సంబంధం వాళ్లకేం చెప్పమంటారండీ?" అన్నాడు నాన్న.

"పడుగు వీధిలో ఉంది, ఇప్పుడు కాదని చెప్పండి."

గురువారం నాన్న ఇంటర్వ్యూకి వచ్చాడు. ఆయనకి విజయవాడంటే వన్ టౌనే, చీరల మూట భుజానేసుకుని షాపులకి తిరగడమే. ఆ రోజు మూట లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక సతమతమయ్యాడు. సంతకం పెట్టి బయటికొచ్చి, "బదులు తీరిందండీ" అన్నాడు మేడంతో.

"ఎక్కడండీ? ఇంకా మగ్గమే ఎక్కలేదు" అన్నారావిడ.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఎమ్మెస్సీ అయ్యింది. నేనూ ఫిజిక్స్ పాఠాలే చెప్పి రిటైరయ్యాను. ఆ రోజు కట్టుబాటు సంగతి కావాలనే చెప్పావా అని అమ్మని ఎన్నిసార్లు అడిగానో. "మర్యాదకి చెప్పానే" అనేది, మొహం పక్కకి తిప్పుకుని. ఒక మనిషి మరొకరి పిల్ల కోసం అంతసేపు నిలబడగలదా అన్న ఆశ్చర్యం మాత్రం ఈ వయసులోనూ నాకు తగ్గలేదు.

కబురు తెలిసిన రోజునే విజయవాడ వెళ్లాను. మేడం ఉండేది మేడమీద. మెట్లు ఇరుకు. కింద వ్యాను ఆగి ఉంది. తమ్ముడి కొడుకులు, పక్కింటివాళ్లు స్ట్రెచర్ ఎత్తారు. మధ్యలో పట్టేవాళ్లు లేక కుంగింది. "ఇంకో మనిషి కావాలి" అని ఎవరో కిందికి కేకేశారు. నేను కొంగు నడుంలో దోపుకుని ముందుకెళ్లాను.

"పెద్దవారు, మీరెందుకమ్మా?" అన్నాడు నాకు ఫోన్ చేసిన అబ్బాయి.

"బదులు బాబూ" అన్నాను.

రెండు చేతులూ కిందుగా పెట్టాను. మేడం బరువే లేరు. మెట్ల మలుపు దగ్గర స్ట్రెచర్ మధ్యలో మళ్లీ కుంగబోయింది. కుంగనివ్వలేదు.